ముదురు పసుపు పొడి

“తలుపు తియ్యకు అత్తా.”

గడియ మీద పెట్టిన యేసమ్మ చెయ్యి అక్కడే ఆగింది.

బయట మళ్ళీ తట్టారు. గట్టిగా కాదు. ఇంట్లో పసిపిల్ల నిద్రపోతుంటే తట్టినట్టు తట్టారు.

“పెద్దమ్మా, నేను. అంకితను.”

ఆ సంగతి లోపలున్న ఇద్దరికీ తెలుసు. నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం చర్చి విడిచే వేళకి ఆ పిల్ల మాక్లూర్ నుంచి డిచ్‌పల్లికి వస్తుంది. తలుపు తట్టే అలవాటు ఆమెకి లేదు. “ఏం కూర పెద్దమ్మా?” అని వాకిట్లోంచే అరిచి, నేరుగా పొయ్యి దగ్గరికి వచ్చి గిన్నె మూత తీసేది. ఇవాళ మొదటిసారి తట్టి, పేరు చెప్పి, నిలబడింది.

హెప్సిబా మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. చర్చికి రాలేదు. తల దువ్వుకోలేదు. శుక్రవారం యూనివర్సిటీ నుంచి వచ్చినప్పటి బట్టలే ఒంటిమీద ఉన్నాయి.

“ఎండల నిలబడ్డదే బిడ్డా,” అంది యేసమ్మ మెల్లగా.

“నిలబడనియ్యి.”

“నీ దోస్తు గదనే.”

“శుక్రవారం దాంక.”

తలుపు అవతల ఆ మాట వినపడింది.  తర్వాత అంకిత గొంతు ఇంకా దగ్గరగా, చెక్కకి నోరు ఆనించినట్టు వచ్చింది.

“హెప్సీ, ఒక్క మాట అడిగి పోత. సార్‌కు ఇచ్చిన కాగితంల నా పేరు నువ్వే రాసినవా, ఎవరన్న రాయించిండ్రా?”

“నేనే రాసిన.”

“ఏమని?”

“నా అల్మారా తాళంచెవి నీ తాన ఉన్నదని రాసిన. నా మందుల ఏదో కలిపిండ్రని రాసిన. తాళంచెవి నీ తాన లేదా? అబద్ధమా?”

“ఉన్నది. నువ్వే ఇచ్చినవ్. ఆగస్టుల నీకు జరమొచ్చి పండుకుంటే, మిద్దె మీద ఎండ జరిగినకొద్ది నీ బీకర్లను జరుపుకుంట కూసున్నది ఎవరే? నా మొఖం చూసి మా అవ్వ బొగ్గు అన్నది, యాదికున్నదా?”

“అందుకే నీ మీద అనుమానం. నా పనంత నీకే ఎరుక.”

అంకిత నవ్వింది. ఆ నవ్వు యేసమ్మకి బాగాలేదు.

“నీ నీలిరంగు నీళ్ళు తెల్లగైతే నాకేమొస్తది? కాకుంటే నాకేమొస్తది? చెప్పరాదూ.”



“రేపు పదకొండు గంటలకు సార్ రూంల కూసోబెట్టి అడుగుతరంట. మా బాపు గూడ వస్తనన్నడు. బాపురావు బిడ్డ దొంగతనం చేసిందా అని ఊళ్ళె అప్పుడే అడుగుతున్నరు.” ఆమె ఒక్కసారి ముక్కు ఎగబీల్చింది. “పెద్దమ్మా, టిఫిన్ గడప కాడ పెట్టిన. అమ్మ సర్వపిండి చేసింది. గిన్నె తెస్తే తేండ్రి, లేకపోతే లేదు.”

అడుగుల చప్పుడు దూరమయ్యాక యేసమ్మ తలుపు తీసింది. గిన్నె మూత ఎండకి కాలుతోంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో. హైవే వైపు చున్నీ తలమీదికి లాక్కుని నడిచిపోతున్న పిల్ల ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

కేక వేస్తే వినపడే దూరమే.

యేసమ్మ కేక వెయ్యలేదు.

*

చేతి అలవాటు కొద్దీ మూడు కంచాలు తీసింది. ఒకటి తిరిగి పెట్టేటప్పుడు చప్పుడు కాకుండా చూసింది. అయినా అయింది.

హెప్సిబా ఆ చప్పుడు విని కళ్ళు దించుకుంది.

భర్త జక్కయ్య చనిపోయిన ఏడాది ఈ ఇంట్లో ఒక్క కంచమే ఉండేది. మిషన్ ఆస్పత్రిలో పుండ్లకి కట్లు కట్టే పని చేసిన మనిషి, తన జబ్బు మాత్రం ఎవరికీ చెప్పకుండా పోయాడు. పిల్లలు లేరు. తమ్ముడు హనోకు తన బిడ్డని చదువుకోసం ఇక్కడ పెట్టినప్పుడు రెండో కంచం వచ్చింది. ఆదివారాల్లో మూడోది వచ్చింది. కంచాలు పెరిగాక ఇంట్లో గొంతులు పెరిగాయి. యేసమ్మ ఆ గొంతులకి ఎంత అలవాటు పడిందంటే, ఈ రెండు రోజులుగా కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడుతోంది.

“తినే బిడ్డా.”

“తింటున్న గద.”

తినడం లేదు. అన్నం మెతుకుల్ని కంచం అంచుకి నెడుతోంది.

“అదే ఫర్నేసు అత్తా,” అంది ఉన్నట్టుండి. “అదే ఐదొందల యాభై డిగ్రీలు. అదే నాలుగు గంటలు. మూస మీద అదే మూత. చేసేది గూడ నేనే. ఆరుసార్లు చేసిన. ఆరుసార్లు పాలిపోయిన పొడే వచ్చింది. సెప్టెంబర్ల వచ్చిందేమో మన నిజామాబాద్ దుంప పసుపు కొట్టినట్టు ముదురు పసుపు. దానికి, దీనికి ఏం మారింది? ఎవరన్న ఏమన్న కలిపితే తప్ప గిట్లెట్లయితది?”

యేసమ్మ మంచినీళ్ళ చెంబు అందుకుంది. దాహం లేదు.

ఆ పొడి సంగతి ఆమెకి తెలుసు. ఇదే చోట, ఇలాగే కంచాల ముందు కూర్చుని హెప్సిబా ఎన్నిసార్లు చెప్పిందో. యూరియాని మూత పెట్టి కాలిస్తే పసుపుపచ్చ పొడి అవుతుంది. దాని పేరు కార్బన్ నైట్రైడ్. ఎండ పడితే దానిలో ఒక సత్తువ పుడుతుంది, నీళ్ళలోని రంగునీ మడ్డినీ విరగ్గొడుతుంది. “కానీ అత్తా, పుట్టిన సత్తువ పుట్టిన కాడనే సల్లారిపోతది. అందుకే ఇంకోటి కలుపుతున్న. పాలీఅనిలీన్. ప్లాస్టిక్ జాతిదే, కానీ కరెంటు తీగ లెక్క పనిచేస్తది. ఆకుపచ్చగ ఉంటది. అది పక్కన ఉంటే ఆ సత్తువను సల్లారనియ్యకుండ గుంజుకపోతది. ఒక్కటి పట్టేది, ఇంకోటి మోసేది. రెండూ జంటగ ఉంటేనే పని.”

“మన ఇద్దరి లెక్క,” అని అంకిత అప్పుడు నోట్లో ముద్దతోనే అంది. “నేను పట్టేది, నువ్వు మోసేది. కూర గిన్నె ఇటియ్యి.”

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఆ జంట పొడి వేసిన బీకరులో సిరాలాంటి నీళ్ళు నలభై నిమిషాల్లో మామూలు నీళ్ళయ్యాయి. అంతకుముందు రెండు గంటలైనా సగం రంగు ఉండేది. అంకిత, హెప్సిబా చేతులు పట్టుకుని మిద్దె మీద గిరగిరా తిరిగారు. “బోధన్ల మన బాయి నీళ్ళు గూడ గిట్లనే చేస్త అత్తా,” అంది హెప్సిబా. వాళ్ళ ఊళ్ళో బెల్లం బట్టీలు కడిగిన నీళ్ళు దిగి, హనోకు బావి నీళ్ళు ఛాయ్ రంగుకి తిరిగి పదేళ్ళయింది.

పేపరు రాసి పంపింది. అచ్చువేసే వాళ్ళు ఇంకోసారి చేసి చూపమన్నారు. జనవరి అంతా చేసింది. రాలేదు. శుక్రవారం పొద్దున లక్ష్మీరాజం సార్ పదిమంది ముందు ఒకే మాట అడిగాడు. “ఈ అంకెలు వచ్చినయా హెప్సిబా, రాసినవా?”

ఆ సాయంత్రమే ఆమె అంకిత మీద కాగితం రాసి ఇచ్చింది.

“ఒక్క సీసాలే మారినయ్ అత్తా,” అంది హెప్సిబా ఇప్పుడు, చెయ్యి కడుక్కుంటూ. “సెప్టెంబర్ల పాత యూరియా సీసా. అది ఒడిసింది. ఇది కొత్త సీసా. అదే కంపెనీ, అదే నంబరు. అందుకే అడుగుతున్న, కొత్త దాంట్ల ఎవరేం కలిపిండ్రు?”

కొత్త దాంట్లో ఎవరూ ఏమీ కలపలేదు.

ఆ మాట యేసమ్మ నాలుక మీదికి వచ్చింది. శుక్రవారం నుంచీ వస్తోంది, తిరిగి పోతోంది.

“నేను బోధన్ పోయొస్త,” అంది లేస్తూ. “మీ బాపును చూసి శాన రోజులైంది.”

“గిప్పుడా? ఎందుకు?”

“ఊకెనే.”

“బాపుకు గీ లొల్లి చెప్పకు.”

యేసమ్మ వాకిట్లోకి వచ్చింది. చెప్పులు వేసుకుంది. వేసుకుంటూ, ఈ చెప్పులే కదా అంతా చేసింది అనుకుంది.

*

నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పక్కనున్న ముసలామె మరాఠీలో ఏదో పలకరించింది. యేసమ్మ తలూపింది. మాట్లాడే మనిషి దొరికితే దారంతా మాట్లాడేది ఇదివరకు.

ఆగస్టులో యూరియా దొరకలేదు. బోధన్‌లో మూడు రోజులు తిరిగి హనోకు ఫోన్ చేశాడు. “అక్కా, డిచ్‌పల్లి సొసైటీల లోడు దిగుతదట. నా పాస్‌బుక్కు పంపిస్త, జర లైన్ల నిలబడు.” తెల్లారేసరికే మనుషుల బదులు చెప్పులు వరసకట్టి ఉన్నాయి. యేసమ్మ తన చెప్పులు విడిచి, వెనకామెకి చెప్పి, వట్టికాళ్ళతో హెప్సిబా డిపార్టుమెంటుకి వచ్చింది. తను అక్కడ అటెండర్. ఊడ్చి, తుడిచి, ఛాయ్ పెట్టి, వరస కదిలేసరికి తిరిగి వెళ్ళాలి.

తడి బండ మీద వట్టికాలు జారింది. పడకుండా బల్ల పట్టుకుంది. మూత తీసి ఉన్న హెప్సిబా యూరియా సీసా బోర్లాపడి, బకెట్లోకి కొంత, బండ మీదికి కొంత పోయింది. యూరియాకి నీళ్ళు తగిలితే ఎంతసేపు? చూస్తుండగానే కరిగింది. హెప్సిబా ఆ పొద్దునే జ్వరంతో ఇంటికి వెళ్ళింది. చూసినవాళ్ళు లేరు. ఔట్‌సోర్సింగ్ నౌకరి. పోయిన ఏడాది గాజు కొలపాత్ర పగలగొట్టిన మనిషిని మర్నాడు రావద్దన్నారు.

సాయంత్రానికి యూరియా బస్తా ఆమె ఇంట్లోనే ఉంది.

యూరియా యూరియానే కదా అనుకుంది. పొలంది సగ్గుబియ్యంలా ఉంటుంది, వేపనూనె పట్టించి ఉంటుంది కాబట్టి కాస్త మట్టిరంగు, కాస్త చేదు వాసన. సీసాలోది ఉప్పులా సన్నగా ఉండేది. నాలుగు గ్లాసులు తీసింది. రోట్లో నూరింది. ఛాయ్ జల్లెడలో జల్లించింది. వాసన పోవడానికి పాత తెల్లచీర మీద మిద్దె పైన ఆరబోసి రెండు మధ్యాహ్నాలు కాపలా కాసింది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు నలకలు ఏరింది. ఎంత శ్రద్ధగా చేసిందంటే, సీసా నింపి మూత పెట్టినప్పుడు తప్పు చేశానన్న భయం కంటే తప్పు దిద్దానన్న తృప్తే ఎక్కువ కలిగింది.

సెప్టెంబరులో పిల్లలిద్దరూ గిరగిరా తిరుగుతుంటే, దేవుడు చల్లగా చూశాడు అనుకుంది. అంతే. తను నూరి పోసిన యూరియా వల్లే అలా అయిందని శుక్రవారం దాకా తట్టలేదు.

బస్సు కిటికీ పక్కనుంచి చెరుకు ట్రాక్టరు వెళ్ళింది. వెనకనుంచి ఒక గడ జారి రోడ్డు మీద పడింది. ఎవరూ ఆపలేదు.

*

హనోకు అప్పుడే నాట్లనుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. అక్కని చూసి నవ్వాడు.

“ఏందక్కా, చెప్పకుండ చెయ్యకుండ? యూరియా లైన్ల నిలబడనీకి వచ్చినవా? ఈడ గూడ మొదలైంది లైను.”

“యూరియా కోసమే వచ్చిన తమ్మీ.”

అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. “నీకేం పొలముందని?”

“ఆగస్టుల నేను తెచ్చిచ్చిన బస్తాల ఏమన్న మిగిలిందా?”

“అటక మీద అడుగున ఇంత ఉన్నది. బెండ మొక్కలకు ఏద్దామని కట్టిపెట్టిన. ఎందుకు?”

ఆమె గడప మీద కూర్చుని చెప్పింది. చెప్పులు వరసలో పెట్టిన దగ్గర్నుంచి అంకిత గడప దగ్గర పెట్టిన గిన్నె దాకా. హనోకు మధ్యలో ఒకేసారి మాట్లాడాడు.

“నాలుగు గ్లాసులా? ఓరి దేవుడా! బస్తా తూకం తక్కువున్నదని నేను సొసైటీ పిలగాన్ని ఫోన్ల నోటికొచ్చినట్టు తిట్టిన గదనే!”

మిగతాది విన్నాక అతని మొహంలో నవ్వు లేదు. కంచం పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని, అన్నం ముందు ఎప్పుడూ చేసే ప్రార్థన చేశాడు. చివర కొత్తగా ఒక మాట కలిపాడు.

“తండ్రీ, ఈ ఇంటి మాట ఈ ఇంట్లనే ఉండనియ్యి. ఆమెన్.”

యేసమ్మ ఆమెన్ అనలేదు.

“అనరాదు?” అన్నాడు కళ్ళు తెరిచి.

“ఆ పిల్ల ఏం చేసింది తమ్మీ?”

“ఏం చేయలేదు. అందుకే దానికేం గాదు. నాలుగు మాటలంటరు, ఇడిసిపెడ్తరు. దానికి తండ్రున్నడు, పసుపు చేనున్నది. నీకేమున్నది? నౌకరి పోతది.”

“పోతే పోనీ.”

“రైతుకిచ్చే యూరియా వేరే పనికి వాడితే కేసైతది, ఎరుకేనా? పాస్‌బుక్కు నాది.”

“నాలుగు గ్లాసులకు కేసేందిరా?”

“సరే, కేసు గాదు.” హనోకు ముద్ద కలుపుతూ గొంతు తగ్గించాడు. “పిల్ల సంగతి చూడు. నాలుగేండ్ల కష్టం. తెల్లారి లేచి నీ మొఖమే చూస్తది. నువ్వే ముంచినవని తెలిస్తే మళ్ళ చూస్తదా? సంచి సర్దుకొని హాస్టల్‌కు పోతది. బావ పోయినప్పుడు నువ్వెట్లున్నవో నేను చూడలేదా? గోడలతోని మాట్లాడినవ్ అక్కా. నా బిడ్డను నీకాడ పెట్టింది వట్టి చదువుకే అనుకుంటున్నవా?”

 ఆరేళ్ళలో తమ్ముడు ఆ సంగతి ఎన్నడూ చెప్పలేదు. తనే పిల్లకి అన్నం పెట్టి సాకుతున్నానని అనుకుంది.

బావి మోటారు ఆగింది. తొట్టిలోకి వచ్చిన నీళ్ళు ఛాయ్ రంగులో నిలిచాయి.

“అటక మీది మూట ఇయ్యి,” అంది యేసమ్మ.

“ఇస్త. దాని తాన పెట్టు, కాలబెట్టుకోనియ్యి. దొరికిందని చెప్పు. ఎట్ల దొరికిందని చెప్పకు.”

మూట ఇచ్చాడు. బస్సు దాకా వచ్చి ఎక్కించాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ కమ్మీ పట్టుకుని రెండడుగులు నడిచాడు.

“అక్కా. నోరు జర.”

*

సోమవారం ఎనిమిదిన్నరకి హెప్సిబా ల్యాబులోకి వచ్చేసరికి బల్ల మీద మూట ఉంది. దాని పక్కన అత్త నిలబడి ఉంది. చీపురు చేతిలో లేదు.

“ఇదేంది?”

ఇంటినుంచి నడిచొచ్చేటప్పుడు యేసమ్మ నాలుగు రకాలుగా మొదలుపెట్టి చూసుకుంది. ఇప్పుడు వాటిలో ఒక్కటీ రాలేదు.

“నీ ముదురు పసుపు దీంట్లదే బిడ్డా. ఆగస్టుల నీ సీసా నా చెయ్యి తాకి పడ్డది. మీ బాపు యూరియా నూరి పోసిన. కొత్త సీసాల ఎవ్వరేం కలపలే. నేనే కలిపిన, పాత దాంట్ల.”

హెప్సిబా కదల్లేదు. ఏడవలేదు. అరవలేదు. అరిస్తే బాగుండని యేసమ్మకి అనిపించింది.

కాసేపటికి వచ్చి మూట విప్పింది. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది.

“వేపనూనె,” అంది తనలో తను. “కార్బన్. నూనెల కార్బన్ ఉంటది. అది పొడిల చేరింది. అందుకే రంగు ముదిరింది. అందుకే ఎండను ఎక్కువ పట్టింది.” వేళ్ళు దులుపుకుంది. “నేను నెల దినాల నుంచి నా చేతుల ఏం తప్పున్నదా అని...”

“బిడ్డా...”

“ఎంతసేపు నూరినవ్?”

“ఏంది?”

“రోట్ల. ఎంతసేపు నూరినవ్? ఎన్ని రోజులు ఆరబెట్టినవ్? మంచిగ యాది చేసుకొని చెప్పు.”

యేసమ్మ చెప్పింది. హెప్సిబా నోటుబుక్కులో రాసుకుంది. తూచింది, నూరింది, జల్లించింది. ఇంకో మాట లేదు. అత్త వైపు చూడలేదు. మూసలో పోసి, మూత పెట్టి, ఫర్నేసు తలుపు మూసి మీట నొక్కింది. ఎర్ర అంకెలు పైకి కదలడం మొదలైంది.

ఇద్దరూ ఆ అంకెలు చూస్తూ నిలబడ్డారు. ఒకే గదిలో, రెండు చేతుల దూరంలో.

“బాపుకు చెప్పినవా?”

“చెప్పిన.”

“ఇంకెవరికి చెప్పకు.”

యేసమ్మ సరిగ్గా వినలేదేమో అనుకుంది. “అంకిత...”

“ఎరుకే. అంకిత తప్పు లేదు. ఎరుకైంది ఇప్పుడు.” హెప్సిబా చేతులు కట్టుకుంది. “వేడెక్కాలె, నాలుగు గంటలు కాలాలె, సల్లారాలె. బయటికి వచ్చేసరికి పొద్దుగూకుతది. సార్ కూసోబెట్టేది పదకొండుకు. గప్పుడు నేనేం చూపిస్త? మా అత్త రోట్ల నూరిందని చెప్పాల్నా? నా పేపర్ల కంపెనీ యూరియా అని రాసిన. అది తప్పైతది. వాపస్ తీసుకొమ్మంటరు. సార్ ఇంక నన్ను నమ్ముతడా? పొడి చేతికొస్తే, ఇగో గిట్ల వస్తది అని చూపించి నేనే చెప్త. రేపు చెప్త. ఒక్క రోజు అత్తా.”

“ఆ ఒక్క రోజే గదనే ఆ పిల్లను కూసోబెట్టేది. తండ్రి ముంగట.”

“నీ నౌకరి కోసమే అంటున్న!”

ఆ మాటలో సగం నిజముంది. మిగతా సగం ఏమిటో ఇద్దరికీ తెలుసు. హెప్సిబా మొదటిసారి అత్త కళ్ళలోకి చూసింది, వెంటనే చూపు తిప్పుకుంది.

“చెప్తే నేను నీతోని ఇంటికి రాను,” అంది ఫర్నేసు వైపు తిరిగి. “అనాలని అంటలేను. నాకు వశం గాదు.”

*

పదకొండుకి పది నిమిషాలు తక్కువ. యేసమ్మ ఛాయ్ మరిగించింది. నాలుగు కప్పులు కడిగింది. సార్‌కి చక్కెర తక్కువ. అంకితకి ఎక్కువ. ఈ రెండూ చెయ్యి దానంతటదే చూసుకుంది.

వరండాలో బెంచీ అంచున ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కా, మెడలో తువ్వాల. గోళ్ళ సందుల్లో పసుపు. ఈ నెలలో మాక్లూర్ వైపు దుంపలు తవ్వుతారు. ఎంత కడిగినా పోదు ఆ రంగు. యేసమ్మని చూసి లేచి నిలబడ్డాడు. అటెండరుని చూసి లేచేవాళ్ళు ఎవరూ ఉండరు.

“అమ్మా, లక్ష్మీరాజం సార్ రూం గిదేనా? మా బిడ్డ ఈడ చదువుతది. అంకిత.”

“ఇదే అన్నా.”

“మంచి పిల్లనేనమ్మా మాది,” అన్నాడు, ఎవరో అడిగినట్టు. “ఆదివారం ఆదివారం ఈడ ఎవరో పెద్దమ్మ ఇంట్ల అన్నం తింటది. ఆమెనన్న అడుగుండ్రి అని సార్‌కు చెప్పాలె. ఆమె పేరు నాకు యాదికి లేదు.”

యేసమ్మ పళ్ళెంలో కప్పులు సర్దుకుంది.

లోపలికి పిలిచారు. సార్ బల్లకి అటు. ఇటు మూడు కుర్చీలు. అంకిత ఒక కొసన, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. మధ్య కుర్చీలో బాపురావు. ఈ కొసన హెప్సిబా. ఆదివారాల్లో కంచాల ముందు ఆ ఇద్దరి మోకాళ్ళూ తగిలేవి.

సార్ ముందు ఆ కాగితం ఉంది.

యేసమ్మ పళ్ళెం దించింది. సార్ కప్పు సార్ ముందు పెట్టింది. బాపురావు కప్పు అతని ముందు పెట్టింది. అంకిత ముందు కప్పు పెట్టేటప్పుడు ఆ పిల్ల తల ఎత్తలేదు. “పెద్దమ్మా” అనలేదు. తండ్రికి ఆ పెద్దమ్మ ఈమే అని చెప్పలేదు. చెబితే పెద్దమ్మని కూడా ఇందులోకి లాగినట్టవుతుందని ఊరుకుంది. అది యేసమ్మకి అర్థమైంది.

చివరి కప్పు హెప్సిబా ముందు పెట్టింది. బల్ల కింద ఆ పిల్ల చెయ్యి ఆమె చీర కొంగు అంచు పట్టుకుంది. చిన్నప్పుడు బోధన్ సంతలో పట్టుకున్నట్టు పట్టుకుంది. వదలడం లేదు.

“సరే యేసమ్మా,” అన్నాడు లక్ష్మీరాజం సార్ కళ్ళజోడు పెట్టుకుంటూ. “తలుపు దగ్గరికేసి పో.”

యేసమ్మ కొంగుని ఆ వేళ్ళలోంచి మెల్లగా విడిపించుకుంది. ఒక్కొక్క వేలూ విప్పాల్సి వచ్చింది. తలుపు దాకా నడిచింది. వరండా అవతల ల్యాబులో ఫర్నేసు సన్నగా మోగుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

తలుపు దగ్గరికి వేసింది.

లోపలివైపు నుంచి.

గడియ పెట్టి, ఇటు తిరిగి, తలుపుకి వీపు ఆనించి నిలబడింది. నలుగురూ ఆమె వైపు చూశారు.